లస్కరు తాత, లాకుల వంతెన

కడియం నుంచి సామర్లకోట దాకా కెనాల్ రోడ్డు మీద తిరిగినవాళ్ళకి లాకులంటే, అదే, కాలవలో పడవల్ని ఎగువకీ దిగువకీ దాటించే తలుపుల కట్టడాలంటే, విడిగా చెప్పక్కర్లేదు. బస్సు కాస్త నెమ్మదిస్తుంది, కండక్టరు "లాకులు, లాకులు" అని అరుస్తాడు, బుట్టలతో సంచులతో నలుగురు దిగుతారు. దిగినచోట ఒక టీ కొట్టు, ఒక కిళ్ళీ కొట్టు, ఒక రావిచెట్టు, కాలవ మీద ఒక పాత రాతి వంతెన. ఆ నీళ్ళలో పడవ కనపడి నలభై ఏళ్ళు దాటింది. అయినా స్టాపు పేరు మారలేదు.

మా లాకులూ అలాంటివే. ఏ ఊరో ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. నేను పుట్టి పెరిగింది ఆ లాకుల పక్కన పెంకుటింట్లో. మా తాత, అంటే నాన్న వాళ్ళ నాన్న, అక్కడ లస్కరు, లాకు తలుపులు తీసి మూసే సర్కారు నౌకరు. ఖాకీ నిక్కరు, మాసిన తలపాగా, భుజం మీద వంకర తిరిగిన ఇనప హ్యాండిలు. పడవ వస్తే తలుపుల తూములు ఎత్తడానికి ఆ హ్యాండిలే కావాలి. రాత్రి ఇంటికొచ్చాక దాన్ని దేవుడి గూటి పక్కన మేకుకి తగిలించేవాడు. మేం ముట్టుకుంటే మామ్మ ఊరుకునేది కాదు. "అది సర్కారు వారిది, పోయిందంటే మీ తాత జీతంలో పట్టుకుంటారు" అనేది. దేవుడి పటం ముట్టుకుంటే కూడా అంత కోప్పడేది కాదు.

ఈమధ్య ఆ వంతెన ఫోటోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు పొద్దున్నే కార్లేసుకుని వస్తున్నారట. డ్రోన్లు కూడా ఎగరేస్తున్నారని మా బావ చెప్పాడు. ఫోటో కింద ఎవరో ఒకరు "కాటన్ దొర కట్టిన అద్భుతమైన వంతెన" అని రాస్తారు. బాగానే ఉంది, నాకూ చూడ్డానికి ముచ్చటే. కానీ అందులో లాకు గురించి ఒక్క ముక్క ఉండదు. మా ఇంట్లో లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. తాత దృష్టిలో అక్కడున్నది లాకు. వంతెన అనేది ఎలాగూ గోడలు కట్టారు కదా అని వాటి మీద వేసేసినది.

ఆ మాటలో నిజం ఉందని పెద్దయ్యాక తెలిసింది. కాలవకి అడ్డంగా విడిగా వంతెన కట్టాలంటే వెడల్పు ఎక్కువ, మధ్యలో స్తంభాలు లేపాలి, పునాదులు తవ్వాలి. లాకు దగ్గర ఆ బాధ లేదు. పడవ పట్టేంత సందు మాత్రం వదిలి రెండు వైపులా రాతి గోడలు అప్పటికే లేచి ఉంటాయి. ఆ గోడల మీద నుంచి ఒక్క కమాను తిప్పితే వంతెన అయిపోయింది. ఇంకో తెలివి కూడా ఉంది. మా వంతెన లాకుకి నడిమధ్యన లేదు, ఎగువ వైపునా లేదు. దిగువ తలుపులు దాటాక ఉంది. అక్కడైతే నీటి మట్టం కిందకి ఉంటుంది కాబట్టి పడవ కూడా కిందే ఉంటుంది, కమానుకి పడవ తగలదు. అదే ఎగువన కట్టి ఉంటే వంతెన ఇంకో మనిషెత్తు లేపాలి, బండ్లు ఎక్కడానికి రెండు పక్కలా పెద్ద దిబ్బలు పోయాలి. గీసినవాడెవడో గానీ, రూపాయి దగ్గర గట్టివాడు.

కాలవకి లాకులెందుకో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి అది తెలియడం లేదు. నీళ్ళు పొలాలకి పారాలంటే వాలు కావాలి. పడవ రెండు వైపులా నడవాలంటే నీళ్ళు నిలకడగా ఉండాలి. ఈ రెండిటికీ పొత్తు కుదరదు. అందుకని కాలవని ఒకే వాలుగా కాకుండా మెట్లు మెట్లుగా దించారు. ఒక్కో మెట్టు దగ్గర ఒక లాకు. రెండు జతల తలుపులు, మధ్యలో పడవ పట్టేంత రాతి గది. కాకినాడ వైపు దిగే పడవ వచ్చిందనుకోండి. దిగువ తలుపులు మూసి గదిని నీళ్ళతో నింపుతారు. ఎగువ నీటితో సమానమయ్యాక ఎగువ తలుపులు తెరిచి పడవని లోపలికి తీసుకుంటారు. తర్వాత వెనక తలుపులు మూసి, దిగువ తూములు మెల్లగా ఎత్తుతారు. గదిలో నీళ్ళు దిగుతుంటే పడవ కూడా దాంతో పాటే దిగుతుంది. ఆఖరికి దిగువ తలుపులు తెరుచుకుంటాయి. ఇంజను లేదు, కరెంటు లేదు. పని చేసేదంతా నీళ్ళ బరువే.

తలుపులు తిన్నగా మూసుకోవు, ఎగువకి మొన చేసి కోణంగా కలుస్తాయి. ఎందుకలాగ అని ఒకసారి అడిగితే తాత తన రెండు అరచేతులూ వేళ్ళ కొసలు ఆనించి చూపించాడు. "ఇదిగో, ఇటువైపు నుంచి నువ్వు నెట్టు" అన్నాడు. నెట్టాను. నెట్టేకొద్దీ చేతులు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. "నీళ్ళు కూడా అంతే. ఎంత తోస్తే అంత మూస్తాయి. మట్టం సమానం కానిదే పదిమంది ఏనుగు బలమున్నోళ్ళు వచ్చినా ఈ తలుపు తీయలేరు." తర్వాత ఇంజినీరింగులో దీని గురించి చదివాను గానీ, అంతకంటే కొత్తగా ఏమీ తెలియలేదు.

ఈ కాలవల వెనక ఒక కథ ఉంది. 1830ల కరువుల్లో గోదావరి, గుంటూరు ప్రాంతాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. 1839లో కోరంగి వైపు ఉప్పెన వచ్చింది. పక్కనే గోదావరి పారుతున్నా చేలల్లోకి నీరు ఎక్కని స్థితి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, లంకల మధ్య పాయలకి అడ్డంగా. రాయి పక్కనున్న ధవళేశ్వరం కొండది. దాన్ని నది దాకా తేవడానికి పట్టాలు వేశారు, మన దేశంలో ప్రయాణికుల రైలు మొదలవడానికి ముందే. ఆ ఆనకట్ట నుంచే మూడు వైపులా కాలవలు: ఇటు మా తూర్పు డెల్టాకి, మధ్యలో బొబ్బర్లంక నుంచి కోనసీమకి, అటు విజ్జేశ్వరం నుంచి పశ్చిమానికి. ఇప్పటికీ పది లక్షల ఎకరాల చిల్లర ఆ నీళ్ళ మీదే పండుతోంది.

మా వైపు కాటన్ అంటే దేవుడితో సమానం. ఊరూరా విగ్రహాలున్నాయి, పుట్టినరోజుకి దండలు వేస్తారు. నాకేం అభ్యంతరం లేదు. ఆయనకి కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న పేరు కూడా ఈమధ్య కాస్త వినబడుతోంది, సంతోషం. కానీ ఆ రాళ్ళు పగలగొట్టి మోసినవాళ్ళ పేర్లు ఏ పలక మీదా లేవు. మా వంతెన కమాను లోపలి వైపు, కొన్ని రాళ్ళ మీద ఉలితో చెక్కిన చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. ఒకదాని మీద అడ్డగీతలు, ఇంకోదాని మీద శూలం లాంటిది. ఎవరు ఎన్ని రాళ్ళు చెక్కారో కూలి లెక్కకి పెట్టుకున్న గుర్తులని తాత చెప్పేవాడు. పడవ ఆ కింద నుంచి వెళ్ళేటప్పుడు తల పైకెత్తి చూస్తేనే కనపడతాయి. డ్రోనుకి అవి అందవు.

వంతెన పిట్టగోడకి బయటివైపు ఒక పలక కూడా ఉండేది. అంకెలు అరిగిపోయి 18 దాకానే తెలిసేవి. తర్వాత రెండంకెల మీద మా ఊళ్ళో రెండు వర్గాలున్నాయి. ఆ గొడవ సంక్రాంతికి అల్లుళ్ళు వచ్చినప్పుడల్లా అరుగుల మీద మళ్ళీ మొదలయ్యేది. 1996 నవంబరు తుఫానుకి ఆ పలక కాస్తా కాలవలో పడిపోయింది. వర్గాలు మాత్రం ఉన్నాయి.

నాకు బాగా గుర్తున్నవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. అప్పటికే పడవలు తగ్గిపోయాయని తాత బాధపడేవాడు గానీ, మా కళ్ళకి మాత్రం అవే బోలెడు. పైనుంచి వెదురు, ఇటుక, ధాన్యం బస్తాలు, కాకినాడ నుంచి ఉప్పు, సున్నం కాల్చుకునే గుల్ల. గాలి వాలుగా ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే తాడు. ఇద్దరు మనుషులు భుజాలకి తాడు తగిలించుకుని, ముందుకి వంగి, గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారు. చేతులు ఊపుకుంటూ వెళ్ళే మనుషులు, వాళ్ళ వెనక ఎక్కడో కాలవలో వందల బస్తాల పడవ. వంతెన దగ్గరకొచ్చేసరికి కొయ్య దించాలి, తాడు విప్పాలి, ఒకడు అవతలకి పరిగెత్తి మళ్ళీ అందుకోవాలి. ఆ తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని దిగువ గోడ మూలనున్న రాయి మీద గాళ్ళు పడ్డాయి. కొన్ని గాళ్ళలో నా చిటికెన వేలు పూర్తిగా దిగేది. గరుగ్గా ఉండవవి, గాజులాగ నున్నగా ఉంటాయి. కొబ్బరి పీచు తాడు రాతిని కోయడమేమిటని అప్పుడు అనిపించలేదు, రాయి అంటే అలాగే ఉంటుందనుకున్నాం.

పడవలు నడిపే సరంగులకి లోకమంతా తెలుసని మా నమ్మకం. కాకినాడలో ఎక్కించిన సరుకుతో చెన్నపట్నం దాకా నీళ్ళ మీదే వెళ్ళిపోవచ్చని ఒక ముసలి సరంగు చెప్పేవాడు. మా లాకులు ఎక్కి ధవళేశ్వరం, అక్కడ గోదావరి దాటి విజ్జేశ్వరం, ఏలూరు కాలవ పట్టుకుని బెజవాడ, కృష్ణ దాటి సీతానగరం, దుగ్గిరాల, కొమ్మమూరు కాలవలో పెదగంజాం, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలవలో ఉప్పునీటి మీద తిన్నగా చెన్నపట్నం. ఆయన తండ్రి అలా వెళ్ళొచ్చాడట. మేం స్కూల్లో భూగోళం నేర్చుకోకముందే ఆ పేర్లు వరసగా అప్పజెప్పేవాళ్ళం. సరకు రవాణాకి రైలు కంటే కాలవే చవకని కాటన్ జీవితమంతా వాదించాడు, 1878లో లండన్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే చెప్పాడు. ఆ ముసలి సరంగు వాదన కూడా అచ్చం అదే, కాకపోతే ఆయన కమిటీ మా కిళ్ళీ కొట్టు బల్ల.

గడ్డి పడవ సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్ళు నన్ను క్షమించరు. కోతలయ్యాక గడ్డి పడవలు వచ్చేవి. పడవ కనపడదు, ఒక గడ్డిమేటు నీళ్ళ మీద నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఆ రోజు దిగువకి వెళ్ళే గడ్డి పడవ లాకు గదిలో బాగానే దిగింది. దిగువ తలుపులు తీశారు. సగం వంతెన కిందకి వెళ్ళాక కమానుకి గడ్డి పట్టేసింది. ముందుకి పోదు, వెనక్కి రాదు.

"ఆయ్, పై లాకుల్లో పట్టిందండీ!" అన్నాడు సరంగు, నెత్తి గోక్కుంటూ.

"పై లాకుల్లో పడితే ఇక్కడా పట్టాలని ఉందా ఏంటి? దాళ్వా పంటకి నీళ్ళొదిలారు, నిన్నటికి ఇవాళ్టికి జానెడు లేచింది కాలవ. గడ్డి వేసేటప్పుడు అడగొద్దూ?" తాతకి కోపం వచ్చినా గొంతు పెద్దగా లేవదు, తలపాగా మాత్రం విప్పి మళ్ళీ చుట్టుకుంటాడు.

ఎగువన అప్పటికే ఇంకో రెండు పడవలు వచ్చి ఆగాయి. గడ్డి కొంత దింపేద్దామని ఎవరో అన్నారు. దింపి ఎక్కడ వేస్తారు, మళ్ళీ ఎవరు ఎక్కిస్తారు? నీళ్ళు తగ్గించమని ఎవరో అన్నారు. పొలాలకి వెళ్ళే నీళ్ళు తగ్గిస్తే రైతులు ఊరుకుంటారా. తాత కాసేపు వంతెన మీద నుంచి కిందకి చూసి, గట్టు మీద నించున్న జనం వైపు తిరిగాడు.

"చూస్తారేంటర్రా, అందరూ ఎక్కండి పడవ!"

ముందు మాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక ఆగలేదు. పిల్లలం, సోడా కొట్టాయన, పొలానికి పోతున్న కూలీలు, సగం గడ్డం గీయించుకుని లేచొచ్చిన ఒక పెద్దాయన, ఆయన వెనకే కత్తి పట్టుకుని మంగలి, అందరం ముందు కొందరం వెనక కొందరం ఎక్కేశాం. పడవ నాలుగు వేళ్ళు కిందకి దిగింది. "ఇప్పుడు లాగండి" అన్నాడు తాత. గట్టు మీద తాడు బిగిసింది. పైన కమానుకి గడ్డి గీరుకుంటున్న చప్పుడు, రాలిన గడ్డి మా మెడల్లోకి, కళ్ళల్లోకి. ఒక్క గుంజుతో పడవ అవతలకి వచ్చేసింది. వచ్చాక మాత్రం ఆగలేదు, కాలవ వాటంగా ఉంది. మమ్మల్ని అందరినీ అర మైలు అవతల చాకలి రేవు దగ్గర దింపింది. పెద్దాయన మిగతా సగం గడ్డం ఆ రేవు మెట్ల మీదే గీయించుకున్నాడు. మామ్మ నాకోసం ఊరంతా వెతికి, ఎదురొచ్చి, వీపు మీద రెండు వేసింది. తాతని ఏమీ అనలేకపోయింది, పదిమందిలో ఉన్నాడు కదా. ఇంటికొచ్చాక అంది.

కమాను రాళ్ళ సందుల్లో ఇరుక్కున్న గడ్డి ఆ తర్వాత చాలా రోజులు అలాగే వేలాడింది. పిచ్చుకలు పట్టుకుపోయాయి.

పడవలు కాక మాకు ఇంకో పండగ ఉండేది, ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు. మరమ్మతుల కోసం ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేస్తారు. రెండు మూడు రోజుల్లో కాలవ అడుగు బయటపడుతుంది. ఊరంతా బుట్టలు పట్టుకుని మడుగుల్లో చేపలకి దిగిపోతుంది. కొర్రమేను, మట్టగిడస, ఇంగిలాయి. పొయ్యి మీద మామ్మ పులుసు వాసన మూడు ఇళ్ళ అవతలకి కొట్టేది. నాకు మాత్రం లాకు గదిలోకి దిగడం ఇష్టం. ఏడాదంతా నీళ్ళ కింద ఉన్న రాళ్ళు చల్లగా, నాచు పట్టి, పైన మనిషి మాట్లాడితే కింద గుయ్యిమని మోగేది. గోడలో ఒకచోట నీటి గీత పైన రాయి గోధుమరంగు, కింద నలుపు. అడుగున బండల మీద ఎప్పుడో పడిపోయిన చిల్లర డబ్బులు, ఒక ఇత్తడి చెంబు, విరిగిన గెడ ముక్కలు. చెంబు మాదేనని పోట్లాడి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు.

తాతకి అదే అసలు పని కాలం. తలుపులకి తారు పూయాలి, ఇనప పళ్ళ చక్రాలకి గ్రీజు పెట్టాలి, లీకైన చోట గోనెపీచు కూరాలి. అన్నిటికంటే ముందు వంతెన చుట్టూ తిరిగి మొక్కలు వెతికేవాడు. రావి, మర్రి విత్తనాలు పిట్టలు తెచ్చి పడేస్తాయి, రాళ్ళ మధ్య సున్నంలో తడి ఉంటే చాలు మొలుస్తాయి. ఆ వేరు మొదట్లో నూలుపోగంత ఉంటుంది, వదిలేస్తే పదేళ్ళకి కమానునే చీల్చేస్తుంది. తాత నడుముకి తాడు కట్టుకుని పిట్టగోడ మీద నుంచి వేలాడుతూ చిన్న కత్తితో మొక్కని మొదలంటా కోసి, వేరు లోపల ఇంగువ ముక్క కూరి, పైన సున్నం పూసేవాడు. ఇంగువ ఇంట్లోదే. "వంతెనకి పోపు పెట్టడానికి కొన్నానా నేను" అని మామ్మ ప్రతి వేసవీ గొణిగేది, ప్రతి వేసవీ ఒక ముక్క ఎక్కువే కొని పెట్టేది.

ఆ సున్నం కూడా ఇప్పటిది కాదు. సున్నం, ఇసుక, ఇటుక పొడి గానుగలో వేసి ఎద్దుతో తిప్పించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి రుబ్బేవారు. వంతెనలో ఇనుము అంటూ చువ్వ కూడా లేదు. ఒకవైపు సన్నగా ఒకవైపు లావుగా చెక్కిన రాళ్ళు, నడినెత్తిన ఉన్న రాయి కిందకి జారాలని చూస్తుంది, పక్క రాళ్ళు దాన్ని జారనివ్వవు, ఆ ఒత్తిడంతా వెళ్ళి లాకు గోడల్లోకి దిగుతుంది. ఎంత బరువు పడితే అంత బిగుసుకుంటుంది, తలుపుల్లాగే. ఎడ్లబళ్ళ కోసం కట్టిన వంతెన మీద నుంచి చెరుకు ట్రాక్టర్లు, ఇసుక లారీలు తిరిగాయి. పక్కన సిమెంటు వంతెన వచ్చేదాకా తిరుగుతూనే ఉన్నాయి.

పడవలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ ఒక తేదీ చెప్పలేరు. రైలు వచ్చినప్పుడే మొదలైందంటారు, గోదావరి మీద 1900లో రైలు వంతెన తెరిచినప్పుడే. కానీ మా కాలవని నిజంగా ముంచింది లారీ. కల్లంలోకే వచ్చి బస్తాలు ఎత్తుకుపోతుంది, సాయంత్రానికి కాకినాడలో ఉంటుంది. మా నాన్న లస్కరు ఉద్యోగం వద్దని రాజమండ్రిలో లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. తండ్రీ కొడుకులు దాని గురించి ఎప్పుడూ పోట్లాడుకోలేదు. కాకపోతే నాన్న శనివారం ఇంటికొచ్చి ఈ వారం ఇన్ని లోడ్లు అని చెబుతుంటే, తాత "ఊఁ" అని లేచి కాలవ గట్టు మీదకి వెళ్ళిపోయేవాడు. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ 1970లో మొదలై 1982కి పూర్తయింది. అది పూర్తయ్యే నాటికి తాత రిటైరయ్యాడు, మా లాకు తలుపులు పడవ కోసం తెరవడం మానేశారు. ఇనప హ్యాండిలు అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నాడు. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గరుంది, హ్యాండిలు ఎక్కడుందో.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలవల్ని, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి నాలుగో జాతీయ జలమార్గమని పార్లమెంటు చట్టం చేసింది. ఆ వార్త చదివి నేను బావకి ఫోన్ చేశాను. "పడవలొస్తాయిరా" అన్నాను. "పడవలొస్తే మన లాకు ఉంచుతారనుకుంటున్నావా? పెద్ద పడవలకి పెద్ద లాకు కావాలి. ముందు పగలగొట్టేది దీన్నే" అన్నాడు. నా ఉత్సాహం అక్కడికి చల్లారింది. ఇప్పటిదాకా మా లాకు దగ్గరికి ఏ పడవా రాలేదు, ఏ గునపమూ రాలేదు. గుర్రపుడెక్క మాత్రం వస్తోంది. తలుపులు పూర్తిగా పోయాయి, వాటి స్థానంలో ఇనప షట్టర్లు పెట్టి నీళ్ళు వదలడానికి వాడుతున్నారు. గదిలో ప్లాస్టిక్ సీసాలు.

మొన్న వేసవిలో కాలవ కట్టేసినప్పుడు బావా నేనూ దిగి చూశాం. గాళ్ళు పడిన మూల రాయి అలాగే ఉంది. కమానుకి దిగువ వైపు నా మోచేతి లావున రావి వేరు రెండు రాళ్ళ మధ్య దూరింది. కింద నుంచి చూస్తే పగులు కనబడుతోంది. అంతకుముందు ఎవరో మంచి ఉద్దేశంతోనే ఒకచోట సిమెంటు మెత్తారు. సిమెంటు గట్టిగానే ఉంది, దాని చుట్టూ రాయి అంచులు పొరలుగా రాలిపోతున్నాయి. సున్నం తడిని బయటకి వదిలేస్తుంది, సిమెంటు వదలదు, ఆ తడి పోయి రాయిని తింటుంది.

సున్నం పని తెలిసిన మేస్త్రీ కోసం చాలామందిని అడిగాం. అందరూ "ఎందుకండీ, సిమెంటు కొట్టేస్తే వందేళ్ళు" అనేవాళ్ళే. చివరికి బిక్కవోలు వైపు పాత గుడి మరమ్మతులు చేసే ఒకాయన దొరికాడు. వచ్చి, వేరుని చూసి, సిమెంటుని గోటితో గీకి, "దీన్ని పీకడానికే ఎక్కువ టైం పడుతుందండీ" అన్నాడు. వేరు లాగకూడదట, లాగితే రాళ్ళు కదులుతాయి. కోసి, లోపలే చంపి, ఎండాక సందు నింపాలి. దేనితో చంపుతారని అడిగాను. ఏదో మందు పేరు చెప్పి, "మా నాన్నయితే ఇంగువ పెట్టేవాడండీ" అన్నాడు. బావ నా వైపు చూశాడు.

ఖర్చు మేమిద్దరం, అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు కలిసి పెట్టుకుంటాం. కానీ కట్టడం సర్కారుది, మేం చెయ్యి వేయాలంటే పర్మిషన్ కావాలి. అర్జీ పెట్టాం. మొదట అది మా సెక్షన్ కాదన్నారు, తర్వాత ఫైలు కనపడలేదన్నారు, ఇప్పుడు పై ఆఫీసులో ఉందంటున్నారు. ఊరి పేరు రాయనిది అందుకే, ఫైలు కదిలే ముందు ఎవరినీ కదిలించడం ఎందుకని. మేస్త్రీ మాత్రం సున్నం ఇప్పటి నుంచే నానబెట్టాలంటున్నాడు. పర్మిషన్ వచ్చినా రాకపోయినా సున్నం పాడైపోదు కాబట్టి, బావ వాళ్ళ దొడ్లో గొయ్యి తవ్వించి పోయించాం. వచ్చే వేసవికి కాలవ ఎప్పుడు కడతారో కనుక్కోవాలి.